పట్టుగూళ్లు ఏరే చేతులు, నేర్చుకునే యంత్రాలు

కృత్రిమ మేధకు పుస్తకాల్లో నిర్వచనాలు చాలానే ఉన్నాయి గాని, బడిపిల్లల ముందు పెట్టడానికి ఒకటి చాలు: చూసి గుర్తుపట్టడం, విని అర్థం చేసుకోవడం, మంచిచెడ్డలు ఎంచి నిర్ణయానికి రావడం వంటి, మనిషి బుద్ధికే సాధ్యమని ఇంతకాలం అనుకున్న పనులను యంత్రం చేత చేయించే విద్య అది. శ్రీ సత్యసాయి జిల్లాలో బెంగళూరు–గుంతకల్లు రైలు మార్గం మీద వరసగా వచ్చే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ హైస్కూలు, ఇంటర్ చదువుతున్న బాలికలకు ఈ విద్యను వేసవి శిబిరంలో పరిచయం చేయదలచినవారు ఎక్కడ మొదలుపెట్టాలి, దేనిమీద ఎక్కువసేపు నిలవాలి అన్నది ఈ అధ్యాయం చర్చించే విషయం. చాలా శిబిరాలు ప్రోగ్రామింగ్ భాషతోనో, అడిగినదానికల్లా జవాబు రాసిపెట్టే చాట్‌బాట్‌తోనో మొదలవుతాయి. రెండు పద్ధతుల్లోనూ యంత్రానికి అన్నీ తెలుసు, పిల్లకు ఏమీ తెలియదు అన్న భావన మొదటి రోజే పాతుకుపోతుంది. ఈ మూడు ఊళ్లలో ఆ భావనకు చోటివ్వడం అన్యాయం, ఎందుకంటే యంత్రానికి నేర్పవలసిన విషయాల్లో కొన్ని ఈ పిల్లల ఇళ్లలో కంప్యూటర్ పుట్టకముందు నుంచీ ఉన్నాయి.

బాలికల కోసమే కృత్రిమ మేధ శిబిరం అన్న ఆలోచనకు బాగా పేరు తెచ్చినది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2015 వేసవిలో జరిగిన ప్రయత్నం. అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాలకు అప్పుడు డైరెక్టరుగా ఉన్న ఫేఫే లీ, ఆమె వద్ద పరిశోధన చేసిన ఓల్గా రుస్సకోవ్‌స్కీ, విశ్వవిద్యాలయంలో బడిపిల్లల కార్యక్రమాలు నడిపే రిక్ సోమర్ కలిసి, తొమ్మిదో తరగతి పూర్తిచేసిన 24 మంది బాలికలకు రెండు వారాలపాటు 'సైలర్స్' అనే పేరుతో శిబిరం నడిపారు. ఆస్పత్రి సిబ్బంది చేతులు శుభ్రం చేసుకుంటున్నారో లేదో కెమెరాతో గుర్తించడం, విపత్తు సమయంలో జనం పంపే సందేశాల్లోంచి సాయం కోరే వాటిని వేరుచేయడం వంటి పనులను పిల్లలకు అప్పగించి, గణితాన్నీ దాని ప్రయోజనాన్నీ విడదీయకుండా చెప్పడం ఆ శిబిరం ప్రత్యేకత. ఆ పద్ధతి వల్ల పిల్లల్లో ఆసక్తీ ఆత్మవిశ్వాసమూ పెరిగాయని నిర్వాహకులు 2016లో ఒక పరిశోధన పత్రంలో ప్రకటించారు. 2017లో దాని నుంచే 'ఏఐ ఫర్ ఆల్' అనే సంస్థ పుట్టింది. మన దేశంలో సీబీఎస్ఈ 2019–20 నుంచి తొమ్మిదో తరగతిలో కృత్రిమ మేధను ఐచ్ఛిక విషయంగా చేర్చగా, 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల పిల్లల కోసం 'రెస్పాన్సిబుల్ ఏఐ ఫర్ యూత్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది.

బాలికలకు ప్రత్యేకంగా ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇంటింటి లెక్కల్లోనే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవారు నూటికి దాదాపు 49 మంది ఉంటే, ఆడవారు 21 మందే. ఇంట్లో ఫోన్ ఉన్నా అది తండ్రి జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది గనుక, కలిపి పెట్టిన శిబిరంలో కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారో, పక్కన నిలబడి ఎవరు చూస్తారో ఊహించడం కష్టం కాదు.

కృత్రిమ మేధ ఏమిటో తెలియాలంటే అది ఏది కాదో ముందు తెలియాలి. దానికి ధర్మవరం కంటె మంచి పాఠశాల దొరకదు. అక్కడి పట్టుచీర అంచులోనూ కొంగులోనూ కనిపించే హంసలు, మామిడి పిందెలు, కమ్మలు జకార్డ్ అనే అమరిక వల్ల నేతలోకి వస్తాయి. మగ్గం పైన వేలాడే అట్టలకు రంధ్రాలుంటాయి. ఒక్కొక్క అట్ట ఒక్కొక్క పేక వరసకు ఆజ్ఞ. రంధ్రం ఉన్నచోట సూది దూరి, దానికి తగిలించిన పడుగు పోగు పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట పోగు కిందనే ఉండిపోతుంది. లేచిన పోగులకూ లేవని పోగులకూ మధ్య నుంచి పేక పోగును మోసే నాడె పోతుంది. నేతగాడు కాలితో తొక్కిన ప్రతిసారీ అట్ట మారుతుంది, అట్టలన్నీ తిరిగేసరికి బొమ్మ పూర్తవుతుంది. ఉన్నది, లేనిది అనే రెండే గుర్తులతో ఎంత క్లిష్టమైన ఆజ్ఞనైనా రాయవచ్చునన్న ఈ సూత్రమే కంప్యూటర్‌లో ఒకటి, సున్నా అనే అంకెల రూపం దాల్చింది.

ఈ సంబంధం చరిత్రలో నిలిచి ఉన్నది కూడా. ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో ఈ అమరికను రూపొందించాడు. అదే నగరంలో దాదాపు 24 వేల అట్టలు వాడి పట్టుతో నేసిన జకార్డ్ చిత్రపటాన్ని తాను తలపెట్టిన గణన యంత్రానికి ఆజ్ఞలు ఇవ్వడానికి అటువంటి అట్టలనే ఎంచుకున్న చార్లెస్ బాబేజ్ ఇంగ్లండులో తన ఇంట్లో ఉంచుకున్నాడు. ఆ యంత్రం పూర్తి కాలేదు గాని, దాని గురించి 1843లో వివరణలు రాసిన ఆడా లవ్‌లేస్ అనే స్త్రీ, మగ్గం పువ్వులనూ ఆకులనూ నేసినట్టే ఆ యంత్రం గణిత రూపాలను నేస్తుందని గుర్తించి, సంఖ్యల శ్రేణి ఒకదాన్ని లెక్కగట్టే ఆజ్ఞల వరసను పట్టికగా ప్రకటించింది. యంత్రం తనంత తానుగా దేన్నీ సృష్టించలేదనీ, ఎలా చేయాలో మనిషి చెప్పగలిగిన పనినే చేస్తుందనీ కూడా ఆమె హెచ్చరించింది. ఆ మాటకు 1950లో గణిత శాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ బదులు చెబుతూ, పెద్దవాడి బుద్ధిని యంత్రంలో నింపడానికి బదులు పసిబిడ్డ బుద్ధి వంటిదాన్ని తయారుచేసి, దానికి చదువు చెబితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఇవాళ కృత్రిమ మేధ పేరుతో పిలుస్తున్నదానిలో అధికభాగం ఆ రెండో దారిలో వచ్చినదే. నేత ఇంటి ఆడపిల్ల అమ్మతోపాటు కూర్చుని కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం చిన్నప్పుడే నేర్చుకుంటుంది. ఆ శ్రమకు చీర మీద పేరు ఉండదు. తన ఇంటి మగ్గానికీ కంప్యూటర్‌కూ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉందని, ఆ చుట్టరికాన్ని మొదట స్పష్టంగా రాసినవారిలో ఒక స్త్రీ ఉందని ఆ పిల్లకు చెప్పకపోవడం పెద్ద లోటు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టినది. అటువంటి కర్మాగారాల్లో వెల్డింగ్ చేసే రోబో చేతులను చూసినవారు ఇదే కృత్రిమ మేధ అనుకోవడం సహజం. అయితే ఏ బిందువు దగ్గర, ఎంతసేపు, ఎంత వేడితో అతకాలో ఇంజనీర్లు ముందే రాసిపెట్టిన ఆజ్ఞలను తప్పకుండా పాటించడమే ఆ చేతుల ప్రధానమైన పని గనుక, అవి ఎంత చురుకైనవైనా ధర్మవరం అట్టల వంశానికే చెందుతాయి. కెమెరాతో చూసి రంగులోని లోపాన్ని పసిగట్టే యంత్రం దగ్గరే అసలైన తేడా మొదలవుతుంది, ఎందుకంటే లోపం ఎన్ని రకాలుగా ఉంటుందో ఆజ్ఞల రూపంలో ముందుగా రాసిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

ఆజ్ఞగా రాయలేని ఆ తెలివి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో రోజూ కనిపిస్తుంది. మల్బరీ ఆకు తిని, నాలుగుసార్లు చర్మం విడిచి (దీన్నే జ్వరం అంటారు), గూడు అల్లే తడకలైన చంద్రికలెక్కిన పట్టుపురుగు రెండు మూడు రోజుల్లో తన చుట్టూ ఒకే పోగుతో గూడు అల్లుకుంటుంది. బైవోల్టీన్ రకం పురుగు అల్లిన మంచి గూడులో ఆ పోగు పొడవు దాదాపు కిలోమీటరు ఉంటుంది. రైతు గూళ్లు తెచ్చి మార్కెట్‌లో పోస్తే, వాటిని ఉడికించి దారం తీసే రీలర్లు లాటు లాటుకూ తిరిగి చూసి వేలం పాడతారు. రెండు పురుగులు కలిసి అల్లిన జంట గూడులో పోగులు పెనవేసుకుని ఉంటాయి గనుక రీలింగ్‌లో దారం తెగుతుంది. లోపల పురుగు చచ్చిన గూటికి మరక ఊరుతుంది. పలచ గూడు వేడినీళ్లలో పడగానే కుంగిపోతుంది. పురుగు చిమటగా మారి తొలుచుకుని బయటకు వచ్చిన గూడులో పోగు ముక్కలై ఉంటుంది. ఇవన్నీ ఏరి పక్కన పెట్టకపోతే లాటు ధర పడిపోతుంది గనుక మార్కెట్‌కు తెచ్చేముందే ఇంట్లో ఏరుతారు, ఆ ఏరే పని చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగా జరుగుతుంది. పలచ గూడు ఎంత పలచగా ఉంటే పనికిరాదో మిల్లీమీటర్లలో చెప్పమంటే వారిలో ఎవరూ చెప్పలేకపోవచ్చు. వేళ్లతో నొక్కి, చెవి దగ్గర ఆడించి, లోపల పురుగు కదిలే చప్పుడు విని, క్షణంలో తేల్చిపారేస్తారు.

చెప్పలేని ఈ తెలివిని ఉదాహరణల ద్వారా యంత్రానికి అందించే పద్ధతినే మెషిన్ లెర్నింగ్, అంటే యంత్రం నేర్చుకోవడం అంటారు. శిబిరంలో బాలికలు ఒక్కొక్క గూటినీ ఒకే రంగు గుడ్డ మీద పెట్టి ఫొటో తీసి, ఆ ఫొటోకు మంచి గూడు, జంట గూడు, మరక గూడు, పలచ గూడు అని పేరు పెడతారు. ఉదాహరణకు మనిషి తగిలించే ఈ పేరునే లేబుల్ అంటారు. లేబుళ్లతో కూడిన ఉదాహరణల రాశి డేటా. ఒకే రాశిని ఇద్దరు బాలికల చేత విడివిడిగా ఏరించి, తర్వాత రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టడం ఈ శిబిరంలో అన్నిటికంటె విలువైన గంట కాగలదు. జంట గూళ్ల దగ్గర ఇద్దరి మాటా దాదాపు కలుస్తుంది, పలచ గూళ్ల దగ్గర కలవదు. ఎవరి మాట నిలవాలన్న వాదం అక్కడ మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రావాలని ఒకరంటే, రైతు ఇంటి పెద్ద ఒకమాట, రీలరు ఒకమాట చెబుతారని ఇంకొకరంటారు. యంత్రం నేర్చుకునే సత్యం ఇలాంటి వాదాల్లోంచి పుడుతుందని, దానికి ముందు ఎక్కడో ఎవరో తీర్పు చెప్పి ఉంటారని ఆ గంటలో పిల్లలకు తెలిసినంతగా ఏ ఉపన్యాసంలోనూ తెలియదు.

పేర్లు పెట్టిన ఫొటోల నుంచి యంత్రం నేర్చుకునే విధానం ఇలా ఉంటుంది. కంప్యూటర్‌కు ఫొటో అంటే చిన్న చిన్న చదరాల వరస, ఒక్కొక్క చదరంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పాళ్లు తెలిపే మూడు అంకెలు. అడ్డంగా 224, నిలువుగా 224 చదరాలున్న ఫొటోలో 1,50,528 అంకెలుంటాయి. న్యూరల్ నెట్‌వర్క్ అనే గణిత నిర్మాణం ఈ అంకెలను పొరలు పొరలుగా హెచ్చవేసి, కలిపి, చివరికి ఏ పేరుకు ఎంత అవకాశమో చెబుతుంది. మొదట అది చెప్పేది తప్పే. తప్పు ఎంతో లెక్కగట్టి, హెచ్చవేతకు వాడిన సంఖ్యలను ఆ తప్పు కొంచెం తగ్గేవైపు జరపడం, అలా వేలసార్లు జరపడం, ఇదే నేర్చుకోవడం. గూగుల్ ఉచితంగా ఇస్తున్న 'టీచబుల్ మెషిన్' అనే సాధనంతో ఈ పని ప్రోగ్రామ్ రాయకుండానే బ్రౌజర్‌లో చేయవచ్చు. కొన్ని వందల ఫొటోలతోనే అది నేర్చుకోగలగడానికి కారణం, అంతకుముందే లక్షలాది చిత్రాలు చూసి గీతలు, అంచులు, మచ్చలు, గుండ్రదనాలు గుర్తించడం నేర్చిన నెట్‌వర్క్ దాని లోపల ఉండడం, పిల్లల ఫొటోలతో చివరి పొరలు మాత్రమే కొత్తగా నేర్చుకోవడం.

ఆ లక్షలాది చిత్రాల వెనకా లేబుళ్లు పెట్టిన చేతులున్నాయి. సైలర్స్ శిబిరం పెట్టిన ఫేఫే లీ అంతకుముందు 2009లో 'ఇమేజ్‌నెట్' అనే చిత్రాల భాండాగారాన్ని ప్రకటించింది. కోటిన్నరకు చేరువైన ఆ చిత్రాలకు పేర్లు సరిచూసినవారు 160కి పైగా దేశాల్లో ఇంటర్నెట్ ద్వారా చిన్న చిన్న మొత్తాలకు పనిచేసిన దాదాపు 49 వేల మంది. 2012లో ఆ చిత్రాలతో జరిగిన పోటీలో టొరంటో విశ్వవిద్యాలయం బృందం న్యూరల్ నెట్‌వర్క్‌తో తప్పులను 15.3 శాతానికి తగ్గించగా, రెండో స్థానంలో నిలిచినవారి తప్పులు 26.2 శాతం ఉండిపోయాయి. ఇప్పటి కృత్రిమ మేధ విజృంభణ ఆ తేడాతోనే మొదలైందని చాలామంది లెక్క. పేరు పెట్టిన ఆ 49 వేల మంది పేర్లు ఎవరికీ తెలియవు.

నేర్చుకున్న యంత్రాన్ని పరీక్షించడంలో రెండు మెలకువలున్నాయి. నేర్పడానికి వాడిన ఫొటోలతోనే పరీక్షించడం, రేపు పరీక్షలో వచ్చే ప్రశ్నలే ఇవాళ చెప్పి రాయించడం వంటిది గనుక, కొన్ని గూళ్లను మొదటే పక్కన పెట్టి యంత్రానికి చూపకుండా దాచాలి. దాచినవాటిలో 40 మంచి గూళ్లు, 10 జంట గూళ్లు ఉన్నాయనుకుంటే, అన్నిటినీ మంచివే అనే మొద్దు యంత్రం కూడా నూటికి 80 మార్కులు తెచ్చుకుంటుంది. అందుచేత ఎన్ని తప్పులు అన్నదానికంటె ఏ వైపు తప్పులు అన్నది ముఖ్యం. మంచి గూటిని చెడ్డదంటే నష్టం రైతుది, చెడ్డదాన్ని మంచిదంటే నష్టం రీలరుది. అదే యంత్రంతో రెండూ ఒకేసారి తగ్గవు, ఒకదాన్ని తగ్గించడానికి మంచికీ చెడ్డకూ మధ్య గీత జరిపితే రెండోది పెరుగుతుంది. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పే గణితం లేదు, అది మనుషులు మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం.

ఇంకొక పరీక్ష మరీ విలువైనది. పిల్లలు తెల్లని బైవోల్టీన్ గూళ్లతోనే యంత్రానికి నేర్పి ఉంటే, ఈ ప్రాంతంలో సీబీ అని పిలిచే సంకర జాతి లేత పసుపు గూళ్లను తెచ్చి చూపాలి. తెలుపే మంచిదని నేర్చిన యంత్రం పసుపు గూళ్లను మరక గూళ్ల కింద జమకట్టే ప్రమాదం ఉంది. గూడులో లోపం లేదు, గణితంలోనూ లోపం లేదు. చూపించిన ఉదాహరణల్లో ఒక జాతి అసలు లేదు. ఇటువంటిదే మనుషుల ముఖాల విషయంలో జరిగిందని జాయ్ బుఓలంవీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు మహిళా పరిశోధకులు 2018లో నిరూపించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వాణిజ్య వ్యవస్థలను వారు పరీక్షిస్తే, తెల్లని చర్మం గల మగవారి విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు, నల్లని చర్మం గల ఆడవారి విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. పసుపు గూళ్లను చేతిలో పట్టుకుని ఉన్న పిల్లకు ఈ రెండు అంకెలను విడమరచి చెప్పే అవసరం ఉండదు.

ముఖాల ప్రస్తావన వచ్చింది గనుక, శిబిరంలో బాలికల ముఖాల ఫొటోలు గాని గొంతులు గాని ఏ యంత్రానికీ అప్పగించకూడదన్న నియమం మొదటి రోజే పెట్టాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం మాట అటుంచినా, నకిలీ ఫొటోల భయంతో ఆడపిల్లల చేతికి ఫోన్ ఇవ్వని ఇళ్లున్నచోట, గూళ్ల ఫొటోలతో నడిచే శిబిరానికి పిల్లను పంపడానికి తల్లి సులభంగా ఒప్పుకుంటుంది. శిబిరం మరొక విధంగానూ రక్షణే: వేసవి సెలవులు ఈ ప్రాంతంలో పెళ్లిళ్ల కాలం కూడా. పైన చెప్పిన సర్వే ప్రకారమే రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పదో తరగతి దాటిన పిల్లకు మే నెలలో ప్రతిరోజూ వెళ్లవలసిన చోటు ఒకటి, ఆమె రాకపోతే అడిగే టీచరమ్మ ఒకరు ఉండడం ఎంత పెద్ద రక్షణో ఈ ఊళ్లవారికి వేరే చెప్పనక్కరలేదు.

చాట్‌బాట్ శిబిరం చివరి రోజుల్లో రావడం మేలు, అప్పటికి పిల్లలకు దాన్ని ప్రశ్నించడం వచ్చి ఉంటుంది. అదీ ఉదాహరణల నుంచి నేర్చినదే; చదివిన కోట్లాది వాక్యాలను బట్టి తర్వాత వచ్చే మాట ఏదై ఉండవచ్చో అంచనా వేస్తూ పోతుంది. ఇంటర్నెట్‌లో తెలుగు తక్కువ, హిందూపురం పల్లెల్లో కన్నడంతో కలిసి పలికే తెలుగు ఇంకా తక్కువ. చంద్రిక అంటే ఏమిటని, పురుగు జ్వరానికి కూర్చుంది అంటే ఏమిటని దాన్ని తెలుగులో అడిగి, వచ్చిన జవాబును ఇంట్లో పురుగులు మేపే అమ్మకు చదివి వినిపించి, ఎక్కడ సరి, ఎక్కడ తప్పు రాసుకు రమ్మంటే, పూర్తి ధీమాతో చెప్పిన జవాబైనా తప్పు కావచ్చునని పిల్లలకు తెలిసివస్తుంది. హిందూపురం దగ్గరి కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. తేలని సందేహాలు అక్కడి శాస్త్రవేత్తల దగ్గరకు వెళ్లవచ్చు.

శిబిరం ముగిసేలోగా పిల్లలు తయారుచేయవలసిన కాగితం ఒకటుంది. ప్రతి డేటా రాశితోనూ దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిపే పత్రం ఉండాలని టిమ్నిట్ గెబ్రూ, ఆమె సహచరులు 2018లో ప్రతిపాదించారు: ఎవరు సేకరించారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు పేర్లు పెట్టారు, ఇందులో లేనివి ఏమిటి. బాలికలు ఆ పత్రాన్ని తెలుగులో రాసి, గూళ్లిచ్చిన ఊళ్ల పేర్లూ, ఏరిన తమ పేర్లూ వేసుకుంటారు. లేనివి ఏమిటన్న గడి దగ్గర వారు కాసేపు ఆగవలసి వస్తుంది, ఎందుకంటే ఫొటోలన్నీ మే నెలవి. వేసవి వేడికి పంట బలహీనపడుతుంది, బైవోల్టీన్ పురుగులు ఎండకు తట్టుకోలేవు. వానాకాలపు గూడు వేరు, చలికాలపు గూడు వేరు. ఆ ఫొటోలు కావాలంటే శ్రావణంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి మళ్లీ గూళ్లు ఏరాలి. అప్పటికి బళ్లు నడుస్తుంటాయి గనుక, కంప్యూటర్ గది తాళం ఏ టీచరు దగ్గర ఉండాలో, వారంలో ఏ రోజు ఏ గంట ఈ పనికి కేటాయించాలో జూన్‌లో బడి తెరిచేలోపే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి ఖాయం చేసుకోవాలి.